పెన్సిల్ రాత

స్పిరిట్‌లో పెన్ను రాత నిలవదు, పెన్సిల్ రాతే నిలుస్తుంది. మా నాన్న కాలేజీలో పురుగుల విభాగానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు అటెండరుగా పనిచేసి, కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ మొదటిరోజే ఈ మాట చెప్పాడు. ఆయన చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. ఏ ఏరు, ఏ తేదీ, ఎవరు పట్టారు, ఇవి రాసిన చీటీని పురుగుతో పాటు స్పిరిట్ సీసాలో వెయ్యాలి. "పురుగు చచ్చినా ఫరవాలేదు, చీటీ బతకాలి" అనేవాడు.

నేను అదే విభాగంలో బొమ్మలు గీసే పనిలో ఉన్నాను. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. మా ఊరి బడిలో సైన్సు మాస్టారు పువ్వును నిలువునా కోసి బల్ల మీద పెట్టి, "కనిపించింది గియ్యండి, తెలిసింది కాదు" అనేవారు. నాకు చేతనైంది అదొక్కటే. మైక్రోస్కోపులో కనిపించింది కాగితం మీద పెడతాను.

ఆ ఎండాకాలం నేను గీసినది ఒకే ఒక్క పురుగు. ఇంగ్లీషులో ఆ జాతిని కాడిస్ ఫ్లై అంటారు. నాన్న గూటిపురుగు అనేవాడు. పిల్లగా ఉన్నంతకాలం అది ఏటి అడుగున ఉంటుంది. నోట్లోంచి పట్టులాంటి దారం తీసి, ఇసుక రేణువులు అతుక్కుంటూ ఒంటిచుట్టూ గొట్టంలా గూడు కట్టుకుంటుంది. ఎటు వెళ్ళినా ఇంటిని ఈడ్చుకుంటూ వెళ్తుంది. ఎదిగాక గూటి రెండు కొసలూ మూసుకుని లోపల పడుకుని, కొన్నాళ్ళకు రెక్కలతో బయటికొస్తుంది. ఆ తరవాత బతికేది కొద్ది రోజులే.

మా ఏటిలో, రెండో వంతెన కింద, ఒక రకం గూటిపురుగు ఉంది. దాని గూటి వీపు మీద నల్ల రేణువులు ఒకే వరసలో, కుట్టు వేసినట్టు ఉంటాయి. మా అమ్మ ఇంట్లో మిషను కుడుతుంది. అందుకని నాన్న ఆ పురుగుకు దర్జీ అని పేరు పెట్టాడు. అది దొరికిన రోజు, "మీ పిన్ని కనిపించిందివాళ" అని నాతో అనేవాడు, అమ్మకు వినపడేలా.

అమ్మ మిషను ఆపకుండానే, "దానికైనా సొంతిల్లుంది. దాని అక్కకు అద్దె కొంపే" అనేది.

ఏటికి వెళ్ళొచ్చిన రోజు నాన్న ప్యాంటు మడతల నిండా ఇసుక ఉండేది. అమ్మ మడతలు విప్పి గుమ్మం బయట దులిపేది. "సగం ఏరు మోసుకొస్తారీయన."

గూడు చూస్తే ఇది ఎవరూ రాయని కొత్త జాతే అని మా విభాగాన్ని నడిపే మేడమ్ పదకొండేళ్ళుగా అనుకుంటున్నారు. కానీ గూడు ఒక్కటే సాక్ష్యం కాదు. మగపురుగు కావాలి. దాని తోక చివర ఉండే భాగాలు తాళంచెవి లాంటివి, ఒక జాతివి ఇంకో జాతికి పట్టవు. అవి చూస్తేనే కొత్తదని చెప్పగలం. ఆ మగది ఎప్పుడూ చిక్కలేదు.

ఎండలు ముదురుతున్నప్పుడు ఒకనాడు అన్నాల దగ్గర నేను అన్నాను. "ఈ ఏడు కూడా దర్జీ మగది దొరక్కపోతే ఈ పని మూసేస్తానన్నారు మేడమ్. అప్పుడు నన్నిక పొడిగించరు."

అంతకంటే ఏమీ అనలేదు. మామూలుగా, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాను.

నాన్న ముద్ద మింగి, "మూడో వారం" అన్నాడు. "మూసుకున్న గూళ్ళలో అవి రెక్కలు తొడిగేది మూడో వారం నుంచీ."

"మూడో వారం మీకు హాస్పిటల్లో పరీక్షలు" అంది అమ్మ. "ఆ గుండెతో ఏట్లో దిగొద్దన్నాడు డాక్టరు. రిటైరయ్యారు. పురుగులు కూడా రిటైరయ్యాయనుకోండి."

"వాటికి ఆర్డర్లు అందలేదే" అన్నాడు నాన్న. ముగ్గురం నవ్వాం.

పంతొమ్మిదో తేదీ పొద్దున ఆరింటికి నాన్న డాక్టరు ఉత్తరం జేబులో పెట్టుకుని, ఎక్కడికెళ్ళినా వదలని పాత సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. అమ్మ గుమ్మం దగ్గర ఆపి అదే జేబులో ఒక పెన్ను గుచ్చింది. "అక్కడ ఫారాలు నింపమంటారు. పక్కవాళ్ళని దేబిరించకండి."

"వెళ్ళొస్తా" అన్నాడు నాన్న. ఎక్కడికని అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదు.

పదకొండున్నరకు పెద్ద కూడలి దగ్గర బస్టాపులో పడిపోయాడు. పండ్ల బండి అతను పరుగెత్తుకొచ్చి నోట్లో నీళ్ళు పోశాడట. మింగలేదట. హాస్పిటల్ బస్సు ఆగేది అక్కడే, ఏటివైపు నుంచి వచ్చే బస్సు ఆగేదీ అక్కడే. జేబులో డాక్టరు ఉత్తరం ఉంది కాబట్టి హాస్పిటల్‌కి వెళ్తున్నాడనో, అక్కడినించి వస్తున్నాడనో అందరూ అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం.

నాకు ఏడుపు రాలేదు. బిగబట్టుకోలేదు, రాలేదంతే. ఆ రోజులన్నీ గాజు పలకకు అవతల జరిగినట్టు గుర్తు. అద్దెకు తెచ్చిన కుర్చీలు పద్దెనిమిది అనీ, తిరిగి వెళ్ళినవి పదిహేడు అనీ మాత్రం గుర్తుంది. ఆ పద్దెనిమిదోది ఏమైందో ఇప్పటికీ తెలియదు.

వచ్చిన వాళ్ళందరికీ అమ్మ ఒకే మాట చెప్పింది. "నేనే పంపానండీ. వద్దు వద్దంటుంటే పరీక్షలని తరిమాను. ఎండలో బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో ఏమో."

ఎదురింటి అత్తయ్య, "నువ్వేం చేశావు వదినా, మంచికేగా పంపావు" అనేది.

"నేనే పంపాను" అనేది అమ్మ మళ్ళీ. నేను గదిలోకి వస్తే ఆ మాట కాస్త గట్టిగా అనేది. నాకేమైనా చెవుడా అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. అప్పుడు నేను దేని గురించీ అంతకుమించి ఆలోచించడం లేదు.

పదిహేను రోజులకు అమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. బడులు తెరిచేలోపు రెండు వందల జతల యూనిఫారాలు ఇవ్వాలి. గది నిండా ఒకే రంగు గుడ్డ, ఒకే కొలత చొక్కాలు. నేను కాలేజీకి బయలుదేరుతుంటే నాన్న సంచి తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇది అక్కడ ఇచ్చెయ్. ఇంట్లో వద్దు."

"లోపల ఏముందో చూశావా?"

"నాకెందుకు?" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

విభాగంలో ఆ సంచికి ముప్ఫై ఏళ్ళనుంచీ ఒక మేకు ఉంది. దానికే తగిలించాను. మేడమ్ చాలాసేపు దానివంక చూసి, "పాడయ్యేవేమైనా ఉన్నాయేమో తీసి చూడమ్మాయ్" అన్నారు. మేడమ్ తక్కువ మాట్లాడతారు. కళ్ళద్దాలు దారంతో మెళ్ళో వేలాడుతుంటాయి.

సంచిలో కడిగిన టిఫిన్ డబ్బా, సన్నమూతి పట్టకారు, తువ్వాల్లో చుట్టిన ఒక చిన్న సీసా ఉన్నాయి. సీసాలో స్పిరిట్ నీలంగా ఉంది.

"ఇదేంటి, ఈ రంగు?" అన్నారు మేడమ్.

"పెన్ను సిరా అనుకుంటా మేడమ్. చీటీ పెన్నుతో రాసినట్టున్నారు."

"ఎవరు? మీ నాన్నా?" మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆయన పెన్నుతో రాయడమేంటి?"

నీలం స్పిరిట్‌లో ఒక గూడు ఉంది. వీపు మీద కుట్టు ఉంది. రెండు కొసలూ మూసి ఉన్నాయి.

గాజు పళ్ళెంలో పెట్టి, సూదితో ఒక్కొక్క రేణువూ విడదీశాను. దానికి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. లోపల పురుగు పూర్తిగా తయారై ఉంది. రెక్కలు మడిచి, కాళ్ళు ముడిచి, బయలుదేరబోతూ ఆగిపోయినట్టు ఉంది. గూటి మూలన, అది చిన్నప్పుడు విడిచిన కుబుసం ముక్కలు నలిగి ఉన్నాయి. అంటే పిల్ల ఇదే, పెద్దదీ ఇదే అని ఎవరూ కాదనలేరు. రెక్కలు మట్టిరంగువే, కానీ మీద నీలం ఛాయ పట్టింది.

మేడమ్ నన్ను లేపి, మైక్రోస్కోపులో చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మగదే" అన్నారు.

తరవాత పట్టకారుతో చీటీ పైకి తీశారు. అది తెల్లగా ఉంది. అటూ ఇటూ తిప్పారు. "చీటీ చచ్చిపోయింది కదా అమ్మాయ్. ఎక్కడిదని రాస్తాం? ఏ ఏడు పట్టిందో మనకేం తెలుసు? ఇలా అచ్చుకు పంపలేను."

"నేను చూస్తాను మేడమ్."

ఆమె క్లాసుకు వెళ్ళాక చీటీని మైక్రోస్కోపు కింద పెట్టాను. దీపాన్ని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా వంచాను. సిరా పోయినా, పెన్ను మొన నొక్కిన చాళ్ళు కాగితం మీద ఉన్నాయి. దున్ని వదిలేసిన పొలంలా ఉంది. నాన్న అక్షరాలు కుడివైపుకు వాలతాయి. నెమ్మదిగా చదివాను.

రెండో వంతెన. ఎడమ గట్టు. పంతొమ్మిది. ఉదయం ఎనిమిదీ పది.

కింద ఆ నెల, ఆ సంవత్సరం.

చీటీ తిప్పాను. వెనక అచ్చులో సగం మాట ఉంది, "-గుల విభాగం" అని. పురుగుల కాదు, రోగుల విభాగం. డాక్టరు ఉత్తరం ఇంట్లో బీరువాలో ఉంది. దానికి కింది మూల లేదు. నలిగి చిరిగిందేమో అనుకున్నాం.

నాన్న హాస్పిటల్‌కి వెళ్ళలేదు.

ఇది తెలియగానే నాకు ఏదో అవుతుందని కాసేపు కూర్చున్నాను. ఏమీ కాలేదు. పక్కగదిలో ఎవరో బీకర్లు కడుగుతున్నారు. నేను అన్నాల దగ్గర అన్న మాట, ఉన్నదున్నట్టు, గుర్తొచ్చింది. నన్నిక పొడిగించరు. లేచి దీపం ఆర్పాను.

మేడమ్ తిరిగొచ్చి అడిగితే, "ఇంకా తెలియడం లేదు మేడమ్" అన్నాను.

తరవాత నెలరోజులు బొమ్మలు గీశాను. ముందుకాలికి ముళ్ళు రెండు, మధ్యకాలికి నాలుగు, వెనకకాలికి నాలుగు. రెక్కలో ఈనెలు ఎక్కడ చీలాయి, ఎక్కడ కలిశాయి. పొట్ట చివరి ముక్కను పొటాష్ నీళ్ళలో వేసి, కండంతా కరిగి తేటపడ్డాక తోక భాగాలను పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి గీశాను. ఒక్కో బొమ్మ నాలుగు రోజులు పట్టేది. గీస్తున్నంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చి అమ్మ "నేనే పంపాను" అంటుంటే వినేదాన్ని. చెబితే ఆమె మీద బరువు దిగుతుంది. చెబితే ఆయన మాట దాచి వెళ్ళాడని, నాకోసం వెళ్ళాడని తెలుస్తుంది. మింగాలేక కక్కాలేక అన్నం కెలికి లేచేదాన్ని.

ఎదురింటి అత్తయ్య ఒకసారి నా కాగితంలోకి తొంగి చూసింది. "అంత శ్రద్ధగా గీస్తున్నావు, ఏంటే అది?"

"తోక అత్తయ్యా."

"తోకకే నెల పడితే తలకాయ ఎప్పటికయ్యేను" అని వెళ్ళిపోయింది. నవ్వొచ్చే మాటే. నవ్వు రాలేదని గమనించాను.

చివరికి ఒక సాయంత్రం మేడమ్ మా ఇంటికి వచ్చారు. అమ్మ యూనిఫారాలు పక్కకు నెట్టి కుర్చీ వేసింది.

"ఒక మాట అడగడానికొచ్చానమ్మా" అన్నారు మేడమ్. "ఈ పురుగుకు మీ ఆయన పేరు పెడదామనుకుంటున్నాను. లోకంలో ఎక్కడ ఎవరు రాసినా ఆ పేరే రాయాలి. మీరు ఊఁ అంటే..."

అమ్మ చేతిలో గుడ్డ మడత పెట్టింది. "బతికున్నన్నాళ్ళూ పురుగులాయన అన్నారు. పోయాక పురుగునే చేస్తారా మేడమ్‌గారూ?"

మేడమ్ నావైపు చూశారు. అమ్మ కోపంగా అనలేదు. ధర కుదరని గుడ్డ వెనక్కిచ్చినట్టు అంది.

"సరేనమ్మా, మీ ఇష్టం. అసలు చీటీ దొరికితే కదా ఆ సంగతి. ఎప్పుడు పట్టారో తెలిస్తే చాలు, పంపించేస్తాను. అమ్మాయి నెలరోజులుగా చూస్తోంది, చదవడానికి రావడం లేదంటోంది."

అమ్మ నావైపు తిరిగింది. నేను కిందికి చూశాను. చిన్నప్పటినుంచీ నేను అబద్ధమాడితే నేల వంక చూస్తాను.

మేడమ్ వెళ్ళాక అమ్మ మిషను ముందు కూర్చుని ఒక చిన్న లాగు తీసి అంచు కుట్టడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని గుండీలు వరసపెట్టాను.

"చదివావా?" అంది.

"చదివానమ్మా."

"ఏముంది?"

"పంతొమ్మిదో తేదీ. రెండో వంతెన."

మిషను ఆగలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళి, దారం పంటితో తెంపింది.

"ప్యాంటు మడతల్లో ఇసుక ఉంది" అంది. "హాస్పిటల్ వాళ్ళు బట్టలు మూటకట్టి ఇచ్చారుగా. నేనే ఉతికాను."

నా చేతిలో గుండీ ఉంది. నాలుగు రంధ్రాల గుండీ. "అప్పుడే తెలుసా నీకు?"

"రోజూ దులిపినదాన్ని. నాకు తెలీదా?"

"మరి అందరికీ నువ్వే పంపానని చెబుతున్నావు."

"చెప్పాను. ఇకముందూ అదే చెబుతాను." ఇంకో లాగు తీసుకుంది. "ఆ మాట నువ్వన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన మూడో వారం అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఇంట్లో ఒకళ్ళు మోస్తే చాలు."

అమ్మ సూది కింద గుడ్డ సర్దింది.

"ఒక్కటే అర్థం కాలేదు నాకు" అంది కాసేపటికి. "పెన్నుతో ఎందుకు రాశారు? అంత చాదస్తం మనిషి."

కిటికీలో గాజు గ్లాసు ఉంది. నాన్న పెన్సిల్ అందులోనే ఉంది. నేను దానివైపు చూశాను. నా చూపు వెంటే అమ్మా చూసింది.

"చెవి వెనక పెన్సిల్ ఉంటే నేను పట్టేస్తానని" అంది అమ్మ మెల్లగా. "ఇక్కడే పెట్టి పోయారు. అక్కడికెళ్ళాక చూసుకుంటే నేనిచ్చిన పెన్నొక్కటే ఉంది."

"ఆఁ."

"ఉత్తరం మూల చింపింది కూడా అందుకేనా?"

"చీటీకి కాగితం లేక."

అమ్మ పెదవి ఒకవైపు కాస్త కదిలింది. "దొంగతనం చేతకాని మనిషి" అంది. అంచు మడిచి, కుట్టడం మొదలుపెట్టింది. ఆ రాత్రికి గుండీలన్నీ అయిపోయాయి.

మర్నాడు మేడమ్‌కు చీటీ చదివి చెప్పాను. ఆమె దీపం వంచి తానే ఒకసారి చూశారు. తేదీ దగ్గర ఆగారు. ఆ తేదీ ఏమిటో ఆమెకూ తెలుసు. నెలరోజులు ఎందుకు పట్టిందని అడగలేదు. తన పెన్సిల్‌తో కొత్త చీటీ మీద మాట మాటా ఎక్కించారు. పట్టినవారు అన్నచోట నాన్న పేరు రాశారు.

"మరి పురుగుకేం పేరు?"

"నీలం అని పెట్టండి మేడమ్. లాటిన్‌లో ఉంటుంది కదా ఆ మాట."

"పురుగు మట్టిరంగు కదమ్మాయ్. రేపు ఇంకొకటి పట్టుకున్నవాడు, ఇందులో నీలమెక్కడుందని నవ్వుతాడు."

"ఒకసారి అచ్చయ్యాక తప్పు పేరయినా మార్చకూడదని మీరే అన్నారు."

మేడమ్ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "కారణం ఒక వాక్యంలో రాయాలి. ఏమని రాయను?"

"మొదటి మగపురుగు దొరికిన సీసాలో చీటీ పెన్నుతో రాసి ఉందని."

అలాగే రాశారు. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "నీలమా? ఆ పెన్నుకా పేరు?" అంది. బీరువాలోంచి ఆ పెన్ను తీసి, కత్తిరింపు కాగితం అంచున గీసి చూసింది. రాస్తోంది. "ఫారం ఒక్కటీ నింపలేదు ఇది" అని మళ్ళీ లోపల పెట్టేసింది.

వానలు పడేలోపు ఇంకో పది గూళ్ళు కావాలన్నారు మేడమ్. ఏరు పొంగితే మళ్ళీ ఏడాదిదాకా దొరకవు. నా ఉద్యోగం పొడిగించారు. ఆ కాగితం వచ్చిన రోజు నేను దాన్ని నాన్న ఫొటో దగ్గర పెట్టలేదు. టేబుల్ సొరుగులో వేశాను.

బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు, పొద్దున ఆరింటికి, నాన్న సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాను. అమ్మ అప్పటికే మిషను మీద ఉంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గ్లాసులోంచి పెన్సిల్ తీసి, బ్లేడుతో మొన చెక్కి, ఊది, నా సంచి పక్క జేబులో గుచ్చింది.

"ఎక్కడికి?" అంది.

ఎక్కడికో ఆమెకు తెలుసు. రాత్రే చెప్పాను.

"ఏటికి" అన్నాను. "ఏటికి వెళ్ళొస్తానమ్మా."

"ఊఁ" అంది అమ్మ, మిషను వైపు తిరుగుతూ. "వచ్చాక మడతలు నువ్వే దులుపుకో."